దాయాదుల పోరు: ధాల్సిమ్ నుంచి లాహోర్ దాకా

1993 డిసెంబరు 9. అమెరికాలో క్రిస్మస్ అమ్మకాలు ఊపందుకున్న రోజులు. వాషింగ్టన్‌లో ఆ రోజు సెనేట్ ఒక అసాధారణ విచారణకు కూర్చుంది. కనెక్టికట్ సెనేటర్ జోసెఫ్ లీబర్మన్, విస్కాన్సిన్ సెనేటర్ హెర్బ్ కోల్ దానికి సారథులు. నింటెండో, సెగా కంపెనీల ప్రతినిధులు సాక్షుల వరుసలో కూర్చున్నారు. బోనులో నిలబడినవి మాత్రం ప్రధానంగా రెండు వీడియో గేములు. ఒకటి 'నైట్ ట్రాప్', రెండోది 'మోర్టల్ కోంబాట్'. ఓడిన ప్రత్యర్థి గుండెను చేత్తో పెకలించడం, తలను వెన్నుపూసతో సహా లాగివేయడం వంటి దృశ్యాలు రెండోదానిలో ఉన్నాయి. ఇవి పిల్లల గదుల్లోకి ఎలా వచ్చాయన్నది సెనేటర్ల ప్రశ్న.

అప్పటికి ప్రపంచమంతటా అత్యధికంగా ఆడుతున్న పోరాట క్రీడ 'స్ట్రీట్ ఫైటర్ 2'. అందులోనూ గుద్దులు, తన్నులే. అయినా ఆగ్రహం దాని మీదికి మళ్లలేదు. ఒకే కోవకు చెందిన రెండు క్రీడల్లో ఒకటి ముద్దాయి కావడానికీ, మరొకటి తప్పించుకోవడానికీ కారణం వాటి రూపకల్పనలోనే ఉంది. ఆ తేడాను పట్టుకుంటే, ప్రభుత్వాలు వినోదాన్ని ఏ కళ్లతో చూస్తాయో, వేటిని చూడకుండా వదిలేస్తాయో కూడా అర్థమవుతుంది.

ఒకే ఇంటి నుంచి వేరుపడిన ప్రత్యర్థులు

ఈ రంగంలోని శత్రుత్వాలు చాలావరకు దాయాదుల వైరాలే. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1987లో తొలి 'స్ట్రీట్ ఫైటర్'ను విడుదల చేసింది. దాని రూపకర్తలు తకాషి నిషియామా, హిరోషి మత్సుమోతో ఆ తర్వాత ప్రత్యర్థి సంస్థ ఎస్ఎన్‌కేకు వెళ్లి, 1991లో 'ఫేటల్ ఫ్యూరీ'ని తీర్చిదిద్దారు. అదే ఏడాది క్యాప్‌కామ్‌లో అకిరా నిషితాని, అకిరా యసుదాల బృందం 'స్ట్రీట్ ఫైటర్ 2'ను తెచ్చింది. అంటే అన్న వదిలి వెళ్లిన ఇంటిని తమ్ముడు నిలబెట్టగా, అన్న పక్క వీధిలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. మూడు కోణాల రూపాలతో 1993లో సెగా తెచ్చిన 'వర్చువా ఫైటర్'కు పనిచేసిన సెయిచి ఇషి, మరుసటి ఏడాదే నామ్కోలో తొలి 'టెక్కెన్'కు దర్శకుడయ్యాడు.

ఈ వైరం కోర్టు మెట్లు కూడా ఎక్కింది. డేటా ఈస్ట్ సంస్థ తెచ్చిన 'ఫైటర్స్ హిస్టరీ' తమ క్రీడకు నకలంటూ క్యాప్‌కామ్ 1994లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టును ఆశ్రయించింది. పోలికలు ఉన్నమాట కోర్టు కాదనలేదు. అయితే కరాటే యోధుడు, మల్లయోధుడు, వారి తన్నులు, పట్లు అందరి సొత్తు అని చెప్పి, అమ్మకాలను ఆపడానికి నిరాకరించింది. జాతీయ మూసల నుంచి పాత్రలను పోతపోసుకున్న కంపెనీ, ఆ మూసలు తనకొక్కదానికే చెందుతాయని నిరూపించలేకపోయింది.

షికాగోలో పుట్టిన 'మోర్టల్ కోంబాట్' మాత్రం ఈ వంశవృక్షానికి వెలుపలిది. మిడ్‌వే సంస్థలో ఎడ్ బూన్, జాన్ టోబియాస్ ఒక చిన్న బృందంతో 1992లో దాన్ని పూర్తి చేశారు. హాలీవుడ్ యాక్షన్ నటుడు జాన్ క్లాడ్ వాన్ డామ్‌తో ఒక క్రీడ చేయాలన్నది వారి తొలి ఆలోచన. అది కుదరలేదు. ఆ ఆలోచన అవశేషమే జానీ కేజ్ అనే సినీతార పాత్ర.

గీసిన బొమ్మ, తీసిన ఫొటో

రెండు క్రీడల మధ్య అసలు విభజన ఇక్కడే మొదలవుతుంది. 'స్ట్రీట్ ఫైటర్ 2' పాత్రలు చేత్తో గీసిన బొమ్మలు. కండలు అతిశయంగా, ముఖాలు స్ఫుటంగా, రంగులు గాఢంగా ఉంటాయి. ఎవరి నీడను చూసినా ఎవరో పోల్చుకోవచ్చు. 'మోర్టల్ కోంబాట్' పాత్రలు నిజమైన మనుషులు. యుద్ధకళలు తెలిసిన నటులకు దుస్తులు తొడిగి, కెమెరా ముందు కదిలించి, ఆ బొమ్మలను యంత్రంలోకి ఎక్కించారు. స్కార్పియన్, సబ్‌జీరో, రెప్టైల్ అనే ముగ్గురు నింజాలు ఒకే నటుడి బొమ్మలకు వేర్వేరు రంగులు పూయగా పుట్టినవారే. పొదుపు కోసం చేసిన ఆ పని చివరికి ఆ క్రీడకు గుర్తుగా స్థిరపడింది.

ఆట తీరులోనూ అంతే దూరం ఉంది. 'స్ట్రీట్ ఫైటర్ 2'లో ఆరు బటన్లు. మూడు గుద్దులకు, మూడు తన్నులకు. బలహీనం, మధ్యమం, బలిష్ఠం అనే తరగతులతో. వెనక్కి నడిచే దిశలో పుల్లను పట్టి ఉంచితే చాలు, దెబ్బ కాచుకోవచ్చు. ప్రత్యర్థి తలమీదుగా దూకితే వెనుక ఏదో ముందు ఏదో తేల్చుకోవడమే ఒక పరీక్ష. 'మోర్టల్ కోంబాట్'లో ఐదు బటన్లు, అందులో ఒకటి కాపుకే కేటాయించారు. దానితో ఆ సందిగ్ధం మాయమైంది. పైగా దాదాపు అందరి మామూలు గుద్దులూ తన్నులూ ఒకే తీరువి. వంగి కొట్టే గుద్దు ఎవరు కొట్టినా ఒకటే. స్కార్పియన్ విసిరే తాడు, సబ్‌జీరో చల్లే మంచు వంటి ప్రత్యేక విద్యల్లోనే తేడా.

'స్ట్రీట్ ఫైటర్ 2'లో పాత్ర మారితే ఆటే మారిపోతుంది. సోవియట్ మల్లయోధుడు జాంగీఫ్‌కు ప్రత్యర్థి చేతికందాలి. పుల్లను గుండ్రంగా తిప్పి అతణ్ని పట్టుకుని నేలకేసి కొట్టడమే అతని బతుకు. భారతీయ యోగి ధాల్సిమ్ చేతులు, కాళ్లు తెర సగం దాకా సాగుతాయి. ప్రత్యర్థిని దగ్గరికి రానివ్వకపోవడమే అతని విద్య. ఈ ఇద్దరూ తలపడితే సామీప్యం కోసం ఒకరు, దూరం కోసం మరొకరు పోరాడతారు. ఈ క్రీడకు ఊపిరి పోసిన 'కాంబో', అంటే ఒక దెబ్బ తగిలిన క్షణంలోనే మరో దెబ్బను గొలుసుకట్టుగా కలపడం, మొదట్లో రూపకర్తలు అనుకుని పెట్టినది కూడా కాదు. యంత్రంలోని ఒక లొసుగును తొలగించకుండా వదిలేస్తే అది శాస్త్రంగా ఎదిగింది.

'మోర్టల్ కోంబాట్' ఆటగాడికి ఇచ్చిన ప్రలోభం వేరు. గెలిచాక కొన్ని క్షణాల గడువు దొరుకుతుంది. రహస్య బటన్ల వరుస తెలిసినవాడు ఆ గడువులో ప్రత్యర్థిని చంపవచ్చు. ఆ రహస్యం నోటి మాటగా పార్లర్ నుంచి పార్లర్‌కు పాకింది. గెలుపోటములతో దానికి సంబంధం లేదు. పోరు అప్పటికే ముగిసింది. సెనేటర్లను కలవరపెట్టినది సరిగ్గా అదే. గీసిన బొమ్మ కొట్టుకుంటే కార్టూన్. ఫొటోలోని మనిషి, ఓడిపోయాక, నిస్సహాయంగా చస్తే అది మరొకటి.

చెమట, నెత్తురు, చట్టం

1993 సెప్టెంబరు 13న 'మోర్టల్ కోంబాట్' ఇళ్లలోని యంత్రాలకు వచ్చింది. నింటెండో తన నియమాల ప్రకారం నెత్తురును బూడిదరంగు చెమటగా మార్పించింది. సెగా నెత్తురును దాచింది గానీ, ఒక రహస్య వరుస నొక్కితే అది బయటపడేలా ఉంచి, పెట్టె మీద వయసు ముద్ర వేసింది. నిజాయితీగా శుభ్రం చేసిన వెర్షన్‌ను సెగా వెర్షన్ అమ్మకాల్లో దాటేసింది. విచారణలో రెండు కంపెనీలూ ఒకదానిపై ఒకటి నేరం మోపుకున్నాయి. మరుసటి ఏడాది రెండో భాగం వచ్చేసరికి నింటెండో కూడా నెత్తురును అలాగే ఉంచేసింది.

చట్టం చేస్తామన్న సెనేట్ హెచ్చరిక పనిచేసింది. 1994లో పరిశ్రమ తానే 'ఎంటర్‌టైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్ రేటింగ్ బోర్డు'ను ఏర్పరచుకుంది. ప్రభుత్వం నిషేధించలేదు, కంపెనీలు వయసు ముద్రలు వేసుకున్నాయి. కాలిఫోర్నియా 2005లో ఒక అడుగు ముందుకేసి, హింసాత్మక గేములను మైనర్లకు అమ్మడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 2011లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ చట్టాన్ని కొట్టివేసింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ ఆంటోనిన్ స్కాలియా, డాంటేను చదవడం 'మోర్టల్ కోంబాట్' ఆడటం కంటే సంస్కారవంతమైన పనేనని ఒప్పుకుంటూనే, ఆ తేడా రాజ్యాంగపరమైన తేడా కాదన్నారు. బూతద్దం కింద పెట్టిన క్రీడకు 18 ఏళ్ల తర్వాత భావప్రకటన స్వేచ్ఛ గొడుగు దొరికింది.

ఎవరూ అడగని ప్రశ్న

ఈ వాదప్రతివాదాల్లో నెత్తురు గురించి ఎంతో మాట్లాడారు. 'స్ట్రీట్ ఫైటర్ 2' లేవనెత్తిన ప్రశ్నను మాత్రం ఏ చట్టసభా ముట్టుకోలేదు. ఒక దేశం ముఖాన్ని ఎవరు గీస్తారు?

ఆ క్రీడలో ఎంచుకోదగిన యోధులు ఎనిమిది మంది. జపాన్‌కు ఇద్దరు, అమెరికాకు ఇద్దరు. చైనా, బ్రెజిల్, సోవియట్ యూనియన్, భారతదేశాలకు తలా ఒకరు. పోరుకు ముందు ప్రపంచపటం మీద విమానం ఎగురుతుంది. 1991 నాటి భూగోళ రాజకీయం ఆ పటంలో గడ్డకట్టింది. జాంగీఫ్ గెలిస్తే గోర్బచేవ్‌ను పోలిన నాయకుడు హెలికాప్టర్ దిగి అతనితో కలిసి నృత్యం చేస్తాడు. ఆ ఏడాది చివరికల్లా ఆ నాయకుడి పదవీ లేదు, ఆ దేశమూ లేదు. కథల్లోనూ శ్రేణులు కనిపిస్తాయి. అమెరికన్ గైల్ వైమానిక దళ అధికారి. చైనా యువతి చున్ లీ, ఆ ఎనిమిది మందిలో ఏకైక మహిళ, తండ్రి హంతకుణ్ని వెతికే ఇంటర్‌పోల్ పోలీసు. బ్రెజిల్ ప్రతినిధి బ్లాంకా మాత్రం అడవిలో పెరిగి, ఒంటి నుంచి విద్యుత్తు చిమ్మే పచ్చని మృగమానవుడు.

భారతదేశం వంతుకు ధాల్సిమ్ వచ్చాడు. మెడలో పుర్రెల దండ, నోట్లోంచి మంట, వెనుక బారులు తీరిన ఏనుగులు. చేతులు సాగదీసే భారతీయ యోగి 1976 నాటి ఒక హాంకాంగ్, తైవాన్ తరహా కుంగ్‌ఫూ చిత్రంలో అప్పటికే ఉన్నాడు. అంటే భారతదేశాన్ని చూసి గీసిన బొమ్మ కాదిది. భారతదేశం గురించిన బొమ్మను చూసి గీసిన బొమ్మ. గ్రామం కోసం డబ్బు సంపాదించడానికి పోరాడతాడనీ, ఆ పుర్రెలు తన ఊరిలో వ్యాధికి బలైన పిల్లలవనీ కథలో కరుణరసం కలిపారు. అయినా కరువు, అంటువ్యాధి, మంత్రం, యోగం అనే పాత సరంజామా అంతా అందులో ఉంది.

పోరాటయోధుడి కోసమే వెతికి ఉంటే ఉపఖండంలో కొరత లేదు. పోలెండ్ మల్లుడు జిబిస్కోను 1910లో లండన్‌లో నిలువరించి, 1928లో పటియాలాలో నిమిషంలోపే మట్టికరిపించిన గామా పహిల్వాన్ ఉన్నాడు. తెలుగు నేల మీద కలియుగ భీముడిగా పేరొందిన కోడి రామమూర్తి ఉన్నారు. కేరళలో కలరిపయట్టు ఉంది. వీటిలో ఏదీ కాక, అహింసకు ప్రతీకగా నిలవవలసిన యోగినే బరిలోకి దించారు. విచిత్రమేమంటే, ఆటగా చూస్తే ధాల్సిమ్ అద్భుతమైన సృష్టి. ఓర్పు, దూరదృష్టి, ప్రత్యర్థి మనసును చదవడం తెలియనివాడు అతనితో గెలవలేడు. ముఖం గీసినప్పుడు మూసకు లొంగిన ఊహ, కదలిక కల్పించినప్పుడు స్వతంత్రంగా ఆలోచించింది.

ఈ పద్ధతి తర్వాతి కాలంలో మారింది. మార్పు ప్రత్యర్థి శిబిరం నుంచి వచ్చింది. 1997లో 'టెక్కెన్ 3' బ్రెజిల్ నుంచి ఎడ్డీ గోర్డోను తెచ్చింది. అతని కదలికలు ఊహించినవి కావు. మార్సెలో పెరీరా అనే కపొయెరా గురువు శరీరం నుంచి నమోదు చేసినవి. నాలుగు బటన్లను రెండు చేతులకూ రెండు కాళ్లకూ పంచిన ఆ క్రీడలో, తన్నుల బటన్లు తోచినట్టు నొక్కినా ఎడ్డీ నాట్యమాడినట్టు కదులుతాడు. ఆరేళ్ల వ్యవధిలో ఒక దేశం పచ్చని మృగం నుంచి తన సొంత యుద్ధకళకు చేరింది. 2014లో సౌదీ పాత్ర షహీన్‌ను గీసేటప్పుడు టెక్కెన్ సారథి కత్సుహిరో హరాదా ఇంకా ముందుకు వెళ్లి, చిత్తుబొమ్మను బహిరంగంగా పెట్టి అరబ్ అభిమానుల అభిప్రాయాలు అడిగాడు. ఏ పార్లమెంటూ శాసించకుండానే జరిగిన సవరణ ఇది. 2016లో 'స్ట్రీట్ ఫైటర్ 5' ధాల్సిమ్‌కు గడ్డం, తలపాగా ఇచ్చింది. మనిషి మాత్రం పాతవాడే.

పార్లర్ల ఉపఖండం

1990ల భారతదేశంలోకి ఈ క్రీడలు రాచబాటన రాలేదు. 1991 సంస్కరణలు పెట్టుబడికి తలుపులు తీసినా, వినియోగ వస్తువుల దిగుమతిపై పరిమాణాత్మక ఆంక్షలు 2001 ఏప్రిల్ 1 వరకు పూర్తిగా తొలగలేదు. ఆ సందులో నకలు యంత్రాలు, నకలు క్యాసెట్లు, తర్వాత నకలు సీడీలు రాజ్యమేలాయి. బస్టాండు దగ్గరి వీడియో గేమ్ పార్లరులో నాణెం వేసి ఆడిన పిల్లలకు కంపెనీ పేరు తెలియదు. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' దేశమంతటా అందులోని ఒక పాత్ర పేరిట 'ముస్తఫా గేమ్'గానే చలామణి అయింది. తర్వాతి తరానికి 'టెక్కెన్ 3' అలాంటి ఉమ్మడి జ్ఞాపకం. సరిహద్దుకు అవతల లాహోర్, కరాచీల్లోనూ ఇదే కథ. అక్కడి గల్లీల్లో ఎస్ఎన్‌కే వారి 'కింగ్ ఆఫ్ ఫైటర్స్' వేళ్లూనింది.

ఈ సంస్కృతిని రాజ్యం చాలాకాలం చూడనే లేదు. చూసినప్పుడు రెండే కనిపించాయి: జూదం, వ్యసనం. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవారి కుటుంబాలను తలచుకుంటే ఆ ఆందోళనను తేలిగ్గా తీసేయలేము. కానీ 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీ ఆడుతున్నారంటూ పది మంది యువకులను అరెస్టు చేసినప్పుడు, జూదానికీ ఆటకూ మధ్య గీత చెరిగిపోయింది. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడా శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తామంది. రెండు రోజుల్లో రెండు సభలనూ దాటిన ఆ చట్టం గీతను మళ్లీ గీసింది. అమెరికా సెనేట్ నెత్తురును కొలిచింది. మన పార్లమెంటు డబ్బును కొలిచింది. ఆడేవాడికి ఏం కావాలన్నది రెండు చోట్లా చర్చలో వెనుక వరుసలోనే కూర్చుంది.

ఆడేవాడు ఏం చేయగలడో 2019 చూపించింది. లాహోర్‌కు చెందిన అర్స్‌లాన్ సిద్దిఖీ, ఆట పేరు అర్స్‌లాన్ యాష్, ఆ ఏడాది ఫిబ్రవరిలో వీసా చిక్కులు దాటుకుని, విమానాలు మారుతూ జపాన్ చేరి, 'ఈవో జపాన్'లో 'టెక్కెన్ 7' విజేతగా నిలిచాడు. ఆగస్టులో లాస్ వెగాస్‌లో ప్రధాన ఈవో టైటిల్ కూడా గెలిచాడు. 2023లో, 2024లో మళ్లీ గెలిచాడు. 'కింగ్ ఆఫ్ ఫైటర్స్'తో ఆర్కేడుల్లో చెయ్యి తిప్పుకున్నవాడు ప్రత్యర్థి శిబిరపు క్రీడలో ప్రపంచాన్ని జయించాడు. జపాన్, కొరియాల వారే ఏలిన రాజ్యంలో పాకిస్థాన్ అనే పేరు మార్మోగింది. ఏ రూపకర్తా గీయని ముఖం అది. తన ముఖాన్ని తానే తెర మీదికి తెచ్చుకున్నాడు.

2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 'స్ట్రీట్ ఫైటర్ 5' పతక క్రీడ అయింది. భారత ఆటగాళ్లూ బరిలో దిగారు. స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌ఊ వయసు 44. పార్లర్లలో నాణేలు లెక్కపెట్టుకుంటూ ఆడిన తరానికి చెందినవాడు. అలాంటి తరం మన ఊళ్లలోనూ పెరిగింది. దాని చేతిలో యంత్రం ఉంది, ఎదుట ప్రత్యర్థి ఉన్నాడు. వెనుక సంస్థ లేదు.

తెలుగు పత్రికలు భారత్, పాకిస్థాన్ మ్యాచ్‌ను దాయాదుల పోరు అని పిలుస్తాయి. రెండు దేశాల మధ్య ద్వైపాక్షిక క్రికెట్ సిరీస్ జరిగి 2013 జనవరికే ఆఖరు. ఈ క్రీడలోనైతే పచ్చిక మైదానం, భారీ స్టేడియం, వేల మంది భద్రతా సిబ్బంది అక్కర్లేదు. ఒక తెర, రెండు కుర్చీలు, రెండు వీసాలు చాలు. మొదటి రెండూ ఏ చిన్న పట్టణంలోనైనా దొరుకుతాయి. అమృత్‌సర్ ప్రాంతంలో పుట్టిన గామా విభజన తర్వాత లాహోర్‌లో స్థిరపడి, 1960లో అక్కడే కన్నుమూశాడు. అమృత్‌సర్ నుంచి లాహోర్‌కు రోడ్డు మార్గం 50 కిలోమీటర్లే. ఇవాళ ఆ రెండు నగరాల యువకులు ముఖాముఖి తలపడాలంటే లాస్ వెగాస్ దాకా వెళ్లాలి.